రాకెట్ విసిరేది ఒకరు, తీసి పెట్టేది ఒకరు

"షటిల్, టెన్నిస్ ఆటగాళ్ల అరుపులు, గెంతులు, రాకెట్లు విసరడాలు చూస్తే నవ్వొస్తుంది. ఇదంతా పొగరా? బయట కూడా వీళ్లు ఇలాగే ఉంటారా?" అని ఒకరు నన్ను అడిగారు. చాలామందిది పొగరు కాదండి. పన్నెండేళ్లుగా కోనసీమలో సంక్రాంతి టోర్నమెంట్లకు లైన్ జడ్జిగా కూర్చుంటున్నాను. ఆ కుర్చీలో కూర్చుంటే ఆటగాళ్లు గొణుక్కునేది కూడా వినిపిస్తుంది.

మా వైపు కోపం కూడా మర్యాదగానే వస్తుంది. ఒకసారి డబుల్స్ సెమీఫైనల్, స్కోరు 19-19. కాక్ వెనక గీత దాటి బొటనవేలంత దూరంలో పడింది. రెండు చేతులూ చాపి అవుట్ ఇచ్చాను. కొట్టినాయన రాజోలు నుంచి వచ్చాడు. రాకెట్ విసిరేసి, "కళ్లు కనబడతన్నాయా అండీ? అసలు ఆట తెలుసా అండీ మీకు? ఆయ్, చెప్పండి!" అంటూ నా మీదకొచ్చాడు. తిట్టు తిట్టుకీ 'అండీ' తగిలేసరికి చూసేవాళ్లంతా గొల్లుమన్నారు. ఆయనకీ నవ్వాగలేదు. మ్యాచ్ ఓడిపోయాక భోజనాల దగ్గర నా పక్కనే కూర్చున్నాడు. తన ఆకులోని కాజా తీసి నా ఆకులో వేసి, "అది అవుటేనండి, నాకూ కనబడింది" అన్నాడు. ఆ మనిషంటే నాకు ఇప్పటికీ ఇష్టం.

ఇక వేషాలు. వరసగా నాలుగు పాయింట్లు పోతే బూటు లేసు విప్పి మళ్లీ కట్టుకుంటారు. కాక్ బాగానే ఉన్నా ఈకలు చూపించి మార్చమంటారు. నేల మీద చెమట పడిందని తుడిపిస్తారు. అవతలివాడి ఊపు తగ్గే వరకు కాస్త ఊపిరి పీల్చుకోవడమే ఇదంతా. అంతర్జాతీయ మ్యాచ్‌లలోనూ ఇదే జరుగుతుంది, కాకపోతే అక్కడ అంపైర్ హెచ్చరికగా పసుపు కార్డు తీస్తాడు.

పసుపు కార్డు అంటే మన సింధు, స్పెయిన్ అమ్మాయి మారిన్ గుర్తొస్తారు. 2016 రియో ఒలింపిక్స్ ఫైనల్‌లో కరోలినా మారిన్ కేకలు మా ఇంట్లో టీవీ సౌండు తగ్గించినా వినిపించాయి. మొదటి గేమ్ 19-21తో పోయినా, తర్వాత 21-12, 21-15తో గెలిచి కోర్టు మీద పడి ఏడ్చేసింది. ఓడిపోయిన సింధూయే మారిన్ దగ్గరకు వెళ్లి కౌగిలించుకుంది. అక్కడితో ఆగలేదు, నేల మీద పడి ఉన్న మారిన్ రాకెట్‌ను తీసుకెళ్లి ఆమె బ్యాగు దగ్గర పెట్టింది. నాకైతే ఆ పతకం కంటే ఆ రాకెట్ తీయడమే ఎక్కువ గుర్తుంది. అదే ఇద్దరూ 2023 డెన్మార్క్ ఓపెన్ సెమీఫైనల్‌లో మాటా మాటా అనుకుని చెరో పసుపు కార్డు తెచ్చుకున్నారు! ఏడేళ్లలో మనుషులు మారిపోయారని నేననుకోను. ఒకటి ఆట అయిపోయాక జరిగింది, ఇంకోటి ఆట మధ్యలో.

మా అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ సంగతి చెప్పకపోతే ఊళ్లో నన్ను ఊరుకోరు. స్మాష్ వేగం గంటకు 565 కిలోమీటర్లు, గిన్నిస్ రికార్డు. 2023లో కొరియా ఓపెన్ గెలిచాక డబుల్స్ జోడీ చిరాగ్‌తో కలిసి కొరియా వాళ్ల గుర్రపు స్వారీ స్టెప్పు వేశాడు. ఆ తర్వాతి సంక్రాంతికి మా టోర్నమెంట్లో పన్నెండేళ్ల పిల్లలు మొదటి రౌండ్ గెలిచి అదే స్టెప్పు! అంపైర్‌కు షేక్‌హ్యాండ్ ఇవ్వడం మర్చిపోతే వెనక్కి పిలిచి ఇప్పించాను.

కోర్టు బయట ఎలా ఉంటారంటే, మన ఇళ్లలో పిల్లల్లాగే ఉంటారు. రియోకి ముందు మూడు నెలలు సింధుకు ఫోన్ లేదని, ఐస్‌క్రీమ్ తిననివ్వలేదని ఫైనల్ తర్వాత ఆమె కోచ్ గోపీచంద్ గారే చెప్పారు. మా అన్నయ్య కూతురు ఓ అకాడమీలో ఉండేది. స్వీట్లు నిషేధమని కిట్ బ్యాగులో పూతరేకులు దాచుకుంది. రాకెట్ల బరువుకి అవన్నీ పొడైపోయి, గ్రిప్పుకి అంటుకున్న పంచదారే పట్టించింది.

నవ్వురానిది ఒక్కటే చూశాను. బాగా పేరున్న ఒక ఆటగాడు ఓడిపోయిన కోపంలో కాక్‌ను నేల తుడిచే పిల్లాడి వైపు బలంగా కొట్టాడు. కంటి కింద తగిలింది. "కావాలని కొట్టలేదు" అన్నాడే గానీ, వాడి దగ్గరకు వెళ్లలేదు. 2020 యూఎస్ ఓపెన్‌లో టెన్నిస్ ఆటగాడు జొకోవిచ్ చిరాకుగా వెనక్కి కొట్టిన బంతి లైన్ జడ్జి గొంతుకు తగిలింది. అదీ కావాలని కొట్టింది కాదు. అయినా అప్పటి నంబర్ వన్‌ను టోర్నమెంట్ నుంచి పంపేశారు. మా వాళ్లు ఆ ఆటగాడిని ఏమీ అనలేదు. ఆ కోపం నాకింకా పోలేదు. రాకెట్ విరగ్గొట్టుకుంటే మీ డబ్బులు పోతాయి. పిల్లాడి కన్ను అలా కాదు కదండి.

ఆ పిల్లాడు ఇప్పుడు ఇంటర్ చదువుతూ నాతో పాటు లైన్ చూస్తున్నాడు. మొన్న పండక్కి ఒక సీనియర్ "అది అవుటండీ బాబూ!" అంటూ మీదకొచ్చాడు. వీడు కుర్చీలోంచి కదలకుండా కుడిచెయ్యి గీత వైపు చాపి, "లోపలే పడిందండి" అన్నాడు.