ముసలి మేకప్, సగం నిజం

ప్రశ్న: అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐని ఏలిన హూవర్ మీద తీసిన ‘జె. ఎడ్గర్’ చూశాం. మా ఇంట్లో సగం మంది బాగుందన్నారు, మిగతావాళ్లు గందరగోళమన్నారు. ముసలి వేషాలు నప్పలేదెందుకు? అందులోదంతా నిజమేనా?
- ఓ పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: మేకప్ సంగతిలో ఫిర్యాదు న్యాయమే. అతికించిన పొర మందమైతే కింద బుగ్గ కదిలినా పైన ముడత కదలదు, కళ్లేమో కుర్రవాడివే. హూవర్‌గా డికాప్రియో గొంతుతో నెట్టుకొచ్చాడు, హూవర్ కుడిభుజం టోల్సన్ పాత్రధారి ముఖం మాత్రం మైనపు ముద్దే.

గందరగోళం దర్శకుడు ఈస్ట్‌వుడ్ కావాలని పెట్టిందే. ముసలి హూవర్ తన కథ తానే చెప్పి రాయిస్తాడు, గొప్పలు పోతూ. చివర్లో టోల్సన్ ‘ఇదంతా పెంచి చెప్పావ్’ అని నిలదీస్తాడు. అది చూశాక మొదటి గంట మళ్లీ చూడండి, లెక్క మారిపోతుంది.

ఇక నిజం సంగతి. విమాన చోదకుడు లిండ్‌బర్గ్ బిడ్డను ఎత్తుకెళ్లిన కేసులో, కిడ్నాపర్ వాడిన నిచ్చెన చెక్కను నిందితుడి అటక పలకతో సరిపోల్చింది అటవీ శాఖ కలప నిపుణుడు కోలర్, హూవర్ ఏజెంటు కాదు. హూవర్ 1924 నుంచి 1972లో చనిపోయేదాకా పదవి వదల్లేదన్నది మాత్రం అక్షరాలా నిజం. ఆ తర్వాతే, 1976లో, డైరెక్టర్‌కి పదేళ్ల గడువు పెట్టారు. టోల్సన్‌తో అనుబంధం? అక్కడ ఎక్కువ భాగం రచయిత ఊహే.