డాక్టర్ సలహా: ఏడాదిన్నర బాబుకు నూడుల్స్, చిప్స్ పెట్టవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది సోంపేట దగ్గర ఒక పల్లె. మా బాబుకు 18 నెలలు నిండాయి. మా వారు సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు బండి దగ్గర నుంచి నూడుల్స్, గోబీ మంచూరియా తెస్తారు. ఆ పొట్లం చూడగానే బాబు చేతులు చాపుతాడు. నాలుగు పోగులు పెడతాం. పగలు ఏడిస్తే మా అత్తగారు పక్క కొట్లో ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్ కొనిస్తారు. ఈ మధ్య అన్నం ముద్ద పెడితే ఉమ్మేస్తున్నాడు. అంగన్‌వాడీలో తూస్తే 9.2 కిలోలు ఉన్నాడు. మూడు నెలల క్రితం 9 కిలోలు. మూడు రోజులకోసారి గాని విరేచనం కావడం లేదు. మా మామగారికి కిడ్నీ జబ్బు, డయాలసిస్ జరుగుతోంది. ఆయనను ఉప్పు బాగా తగ్గించమన్నారు. ఇంత చిన్న పిల్లలకు ఇలాంటివి కొంచెమైనా పెట్టవచ్చా? ఇంట్లోనే నూడుల్స్ వండి పెడితే ఫర్వాలేదా? బాబు కిడ్నీలకు ఏమైనా అవుతుందా?
– ఒక తల్లి, సోంపేట మండలం, శ్రీకాకుళం జిల్లా

సలహా: అమ్మా, ముందు సూటిగా జవాబు చెబుతాను. రెండేళ్లు నిండే వరకు నూడుల్స్, మంచూరియా, చిప్స్, కూల్‌డ్రింకులు, క్రీమ్ బిస్కెట్లు పెట్టకండి. కొంచెం కూడా వద్దు. ఆరు నెలల నుంచి 23 నెలల వరకు పిల్లల ఆహారం ఎలా ఉండాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఉప్పు, చక్కెర, ట్రాన్స్ కొవ్వు ఎక్కువగా ఉన్న పదార్థాలు, తీపి పానీయాలు ఈ వయసులో ఇవ్వకూడదని అందులో స్పష్టంగా ఉంది. అలాగని ఇప్పటిదాకా తిన్నదాన్ని తలచుకుని నిద్ర మానుకోకండి. ఆ నాలుగు పోగులతో బాబుకు జరిగిపోయిన నష్టం ఏమీ లేదు. మీరు రాసిన వాటిలో నన్ను కలవరపెట్టినవి వేరే రెండు ఉన్నాయి: బాబు మూడు నెలల్లో 200 గ్రాములే పెరగడం, అన్నం ఉమ్మేయడం.

ఈ వయసులో పిల్లలు నెలకు సుమారు 200 గ్రాములు పెరుగుతారు. మీ బాబుకు అంత పెరగడానికి మూడు నెలలు పట్టింది. 18 నెలల మగపిల్లల్లో మధ్యస్థ బరువు 10.9 కిలోలు, కింది హద్దు 8.8 కిలోలు. బాబు హద్దుకు లోపలే ఉన్నాడు కానీ ఆ గీత వైపు జారుతున్నాడు. మీ దగ్గర ఉన్న తల్లీబిడ్డల సంరక్షణ కార్డులో పెరుగుదల పట్టిక ఉంటుంది. అంగన్‌వాడీ కార్యకర్తను అడిగి గత ఆరు నెలల బరువులు అందులో గుర్తు పెట్టించండి. గీత పైకి వెళ్లకుండా అడ్డంగా సాగుతుంటే మీ కంటికే కనిపిస్తుంది.

ఇలా ఎందుకు జరుగుతుందో చెబుతాను. పసిబిడ్డ పొట్టలో ఒక పూటకు పట్టేది కిలో బరువుకు 30 మిల్లీలీటర్ల లెక్కన ఉంటుంది. మీ బాబుకు అది సుమారు 275 మిల్లీలీటర్లే. అంత చిన్న పొట్టలోకి రోజు మొత్తంలో వెళ్లే నాలుగైదు విడతల తిండితోనే ఎముక, కండ, రక్తం, మెదడు అన్నీ పెరగాలి. పెద్దవాళ్లు ఒక పూట చిరుతిండితో సరిపెట్టుకున్నా మర్నాడు పూడ్చుకోగలరు. బిడ్డకు ఆ వెసులుబాటు లేదు. చిప్స్ ప్యాకెట్ కడుపు నింపదు, ఆకలిని మాత్రం చంపుతుంది. అరగంట తర్వాత మీరు పప్పన్నం కలిపి తెస్తే ఉమ్మేస్తాడు. నాలుక ఆ ఉప్పూ కారాలకు అలవాటు పడిందంటే పప్పన్నం చప్పగా తోస్తుంది. మలబద్ధకానికీ సగం కారణం ఇదే. నూడుల్స్ చేసే మైదాలో, చిప్స్‌లో పీచు చాలా తక్కువ.

చాలామంది తల్లిదండ్రులు రోడ్డు పక్క బండిని చూసి భయపడతారు కానీ ఇంటి పక్క కొట్టును పట్టించుకోరు. నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది కొట్లో వేలాడే ఐదు రూపాయల ప్యాకెట్లే. చాలా ఇళ్లలో బండి దగ్గర కొనేది వారానికి ఒకటి రెండు సార్లు. ప్యాకెట్ రోజూ. ఏడుపు మాన్పించడానికి ఇచ్చేది కాబట్టి, ఏడిస్తే అది దొరుకుతుందని బిడ్డ త్వరగానే నేర్చుకుంటాడు. మీ అత్తగారిది ప్రేమే. ఇంట్లో డయాలసిస్ మనిషిని చూసుకుంటూ, ఏడ్చే పిల్లవాడినీ చూసుకునే పెద్దావిడకు చేతికి అందే ఉపాయం అది. అందుకే ఆమెను తప్పు పట్టవద్దు. చేతికి అందేలా వేరేది పెట్టండి. మెత్తగా ఉడికిన చిలగడదుంప, అరటిపండు, చిదిపిన గుడ్డు ఒక గిన్నెలో మూతపెట్టి ఆమె దగ్గర ఉంచితే చాలు.

బండి దగ్గర తిండి గురించి కూడా చెప్పాలి. నూనెను మళ్లీ మళ్లీ కాచినప్పుడు పుట్టే పోలార్ సమ్మేళనాలు 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని 2018 జూలై నుంచి దేశంలో నియమం ఉంది. సాయంత్రం నుంచి రాత్రి దాకా ఒకే మూకుడులో మరిగే నూనెను ఎవరు కొలుస్తారు? గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులు వాడవద్దని కర్ణాటక ప్రభుత్వం 2024 మార్చిలో నిషేధం పెట్టింది. అదే ఏడాది ఫిబ్రవరిలో పుదుచ్చేరి, తమిళనాడు పీచు మిఠాయిని ఆపించాయి. తినే పదార్థాల్లో వాడకూడని రోడమిన్-బి అనే రంగు అందులో దొరికింది. పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను 2024 అక్టోబర్ చివర్లో తెలంగాణ ఏడాది పాటు నిషేధించింది. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా ఉండవచ్చు. పెద్దవాళ్లకు రెండు రోజుల విరేచనాలతో పోయేది, తొమ్మిది కిలోల బిడ్డను కొన్ని గంటల్లోనే నీరసానికి గురిచేసి ఆసుపత్రికి చేరుస్తుంది. రథసప్తమికి అరసవల్లి వెళ్లినా, పైడితల్లి జాతరకు విజయనగరం వెళ్లినా పిల్లల చేతిలో ముదురు గులాబీ రంగు తినుబండారం ఉండకుండా చూడండి.

ఇలాంటి తిండిలో రుచి కోసం వేసే అజినమోటో గురించి నన్ను చాలామంది అడుగుతారు. నిజానికి ఈ తిండిలో నేను ఎక్కువగా భయపడేది మామూలు ఉప్పుకే. ఏడాది నుంచి మూడేళ్ల పిల్లలకు రోజుకు రెండు గ్రాముల ఉప్పు దాటకూడదు. ఈ రెండు గ్రాముల్లో ఇంటి కూరలో వేసేదీ కలిసే ఉంటుంది. 70 గ్రాముల నూడుల్స్ ప్యాకెట్ వెనుక చూస్తే చాలా రకాల్లో సోడియం 800 నుంచి 1000 మిల్లీగ్రాముల దాకా కనిపిస్తుంది. సోడియంను రెండున్నరతో గుణిస్తే ఉప్పు లెక్క వస్తుంది. అంటే ఒక్క ప్యాకెట్‌లోనే రెండు నుంచి రెండున్నర గ్రాములు, బాబుకు రోజంతటికీ సరిపడే ఉప్పు.

ఇక కిడ్నీల ప్రశ్న. కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల తల్లి ఈ ప్రశ్న అడిగితే నేను తేలికగా తీసుకోను. ఇంట్లో ఒకరు డయాలసిస్ మీద ఉంటే ఆ భయం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఉద్దానం అని పిలిచే ఈ ప్రాంతంలో ఎక్కువగా కనిపించే కిడ్నీ జబ్బుకు ఇదే కారణమని ఇంతవరకు శాస్త్రవేత్తలు ఏ ఒక్కదాన్నీ తేల్చలేదు. నీరు, ఎండలో శ్రమ, పురుగు మందులు, వంశపారంపర్యం – ఇలా ఎన్నో కోణాల్లో పరిశోధన సాగింది. నూడుల్స్ తింటే ఆ జబ్బు వస్తుందనడానికి ఆధారం లేదు. మీరు ఆ భయం పెట్టుకోవద్దు. అయితే చిన్నప్పుడే ఉప్పు రుచి మరిగిన నాలుకకు పెద్దయ్యాక రక్తపోటు ముప్పు ఎక్కువ, అదుపు లేని రక్తపోటు ఎవరి కిడ్నీలనైనా దెబ్బతీస్తుంది. కుటుంబంలో జబ్బు ఉన్నప్పుడు ఈ జాగ్రత్త మరీ అవసరం. జ్వరం వచ్చినప్పుడు, ఒళ్లు నొప్పులన్నప్పుడు దుకాణంలో అడిగి తెచ్చిన నొప్పి మాత్రలు, సిరప్‌లు బాబుకు వేయకండి. కిడ్నీల విషయంలో నూడుల్స్ కంటే ముందు జాగ్రత్తపడవలసింది అక్కడ.

ఇక్కడే ఒక పొరపాటు జరిగే అవకాశం ఉంది. ఇంట్లో మామగారికి అరటిపండు, కొబ్బరినీళ్లు, కొన్ని ఆకుకూరలు తగ్గించమని చెప్పి ఉంటారు. అది రక్తంలో పొటాషియం పెరగకుండా ఉండడానికి. అవి ‘కిడ్నీకి చెడ్డవి’ అనుకుని బాబుకు కూడా మాన్పించే కుటుంబాలు ఉంటాయి. అలా చేయకండి. ఆ నియమాలు ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు వర్తించవు. ఉప్పు ఒక్కటే ఇద్దరికీ సమానంగా తగ్గించవలసింది. కూర వండేటప్పుడు ఉప్పు చాలా తక్కువ వేసి, తాతకూ మనవడికీ ముందుగా తీసి, తర్వాత మిగిలినవాళ్లకు కలుపుకోండి. రెండు వంటలు చేసే పని తప్పుతుంది.

ఇంట్లో వండిన నూడుల్స్ అయితే నూనె, రంగు బెడద తప్పుతుంది. కానీ మైదా అదే, మసాలా పొట్లంలో ఉప్పూ అదే. రెండేళ్లు దాటాక నెలకో రెండు నెలలకో ఒకసారి, మసాలా పావు వంతుకు తగ్గించి, కూరగాయలు, గుడ్డు కలిపి పెట్టారంటే నేను అడ్డు చెప్పను. ప్రస్తుతానికి సేమ్యాను మెత్తగా ఉడికించి క్యారెట్, బఠాణీ చిదిపి కలపండి. పోగులు పట్టుకుని జుర్రుకునే సరదా కూడా తీరుతుంది. బయటికి వెళ్లినప్పుడు ఆకలి వేస్తే, ఆవిరి మీద అప్పుడే దిగిన ఇడ్లీ ఏ టిఫిన్ బండి దగ్గరైనా దొరుకుతుంది. కారం చట్నీ లేకుండా పెట్టండి.

అన్నం వైపు మళ్లించడానికి వారం పది రోజులు ఓపిక పట్టాలి. ప్యాకెట్లు కొనడం పూర్తిగా ఆపండి. ఇంట్లో ఉంటే ఎవరో ఒకరు ఇచ్చేస్తారు. మొదటి మూడు రోజులు గట్టిగా ఏడుస్తాడు. ఆ ఏడుపుకు మీరు కరగకుండా ఉండాలని ఇంట్లో అందరూ ముందే మాట్లాడుకోండి. తిండికీ తిండికీ మధ్య రెండు, రెండున్నర గంటలు నీళ్లు తప్ప ఏమీ ఇవ్వవద్దు. తల్లిపాలు ఇస్తుంటే రెండేళ్ల దాకా కొనసాగించండి. గేదె పాలో ఆవు పాలో అయితే రోజుకు అర లీటరు మించవద్దు. పాలతోనే కడుపు నిండితే అన్నం ఎక్కదు, ఇనుము కూడా అందదు. టీ అసలు వద్దు. టీలో బిస్కెట్ ముంచి పెట్టడం మన ఇళ్లలో అలవాటు. తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వని గుణం టీకి ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 63 మందికి రక్తహీనత ఉంది. రక్తం తక్కువైన బిడ్డకు ఆకలి ఉండదు, ఆకలి లేని బిడ్డకు రక్తం పట్టదు.

రోజుకు మూడు నాలుగు సార్లు భోజనం, మధ్యలో ఒకటి రెండు సార్లు ఏదైనా చిరుతిండి ఈ వయసుకు సరిపోతుంది. చోడి (రాగి) జావ చేస్తే చెంచాలో నిలిచేంత చిక్కగా చేయండి. నీళ్లలా జారే జావతో పొట్ట నిండుతుంది, బలం రాదు. పప్పన్నంలో చెంచా నెయ్యి, నాలుగు చుక్కల నిమ్మరసం, రోజుకో గుడ్డు, ముల్లు తీసి వేళ్లతో నలిపి చూసుకున్న చేప, తోటకూర, మునగాకు, అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం – ఇవన్నీ మీకు అందుబాటులో ఉన్నవే. కొత్త రుచిని ఒకటి రెండు సార్లు ఉమ్మేశాడని వదిలేయవద్దు. ఎనిమిది, పది, కొందరికి పదిహేను సార్లు కూడా పెట్టి చూడవలసి వస్తుంది. బలవంతంగా నోట్లో కుక్కకండి, ఫోను చూపిస్తూ తినిపించకండి. మీరంతా తింటున్నప్పుడు పక్కన కూర్చోబెట్టి, చిన్న పళ్లెంలో వాడి ముద్ద వాడికి పెట్టండి. చేతులతో చిందర వందర చేస్తాడు. చేయనివ్వండి.

మీ వారికి నా మాటగా ఇది చెప్పండి. బాబు చేతులు చాపేది నాన్న తెచ్చే పొట్లం కోసం. అందులో అరటిపండు ఉన్నా వాడి సంబరం తగ్గదు. ఆయన నూడుల్స్ తినాలనుకుంటే బాబు పడుకున్నాక తినవచ్చు.

పలాస దగ్గరే కాబట్టి ఇంకొక హెచ్చరిక: జీడిపప్పు, వేరుశనగ గింజలు ఐదేళ్లు వచ్చే వరకు గింజలుగా ఇవ్వకూడదు. ఊపిరి గొట్టంలోకి జారితే ప్రాణం మీదికి వస్తుంది. పాప్‌కార్న్, గట్టి మంచూరియా ముక్కలూ అంతే. జీడిపప్పును పొడి చేసి జావలో కలపండి.

ఈ వారంలోనే బాబును ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్లి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. వారానికి రెండు సార్లు 1 మి.లీ. చొప్పున ఇచ్చే ఐరన్ సిరప్, నులిపురుగుల మందు అందాయో లేదో ఆశా కార్యకర్తను అడగండి. పరీక్షలో రక్తం తక్కువని తేలితే మోతాదు వేరుగా ఉంటుంది, అది డాక్టరే చెప్పాలి. మట్టి, సుద్ద తింటున్నా, విరేచనంలో రక్తం కనిపించినా, మాటిమాటికీ వాంతులవుతున్నా, ఆడుకోకుండా సొమ్మసిల్లినట్లు ఉన్నా వారం ఆగవద్దు, వెంటనే పిల్లల డాక్టరుకు చూపించండి. అంగన్‌వాడీలో అదే తూకం మీద నెల తర్వాత మళ్లీ బరువు చూసి, ఎంత వచ్చిందో నాకు రాయండి.