సమ్మెలో మరణించారా, హతులయ్యారా?

సందేహం: అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, లడ్లో దగ్గరున్న కట్టడం గురించి రాస్తూ 'సమ్మెలో మరణించిన కార్మికుల స్మారక స్తూపం' అన్నాను. 'చంపబడిన' అనాలని మిత్రుడు దిద్దాడు. ఏది సరి? దాన్ని స్తూపం అనవచ్చా?

సమాధానం: మీ మిత్రుడు పట్టుకున్న లోపం నిజమైనదే. 'వరదలో మరణించాడు', 'ప్రమాదంలో మరణించాడు' అంటాం. అక్కడ 'లో' చావుకు కారణం చెబుతుంది. ఆ వరసలో 'సమ్మెలో మరణించిన' అంటే సమ్మే వాళ్లను బలితీసుకున్నట్టు వినిపిస్తుంది. ఆ బొగ్గుగనుల సమ్మె 1913 సెప్టెంబరులో మొదలైంది. కంపెనీ ఇళ్లు ఖాళీ చేయిస్తే, లడ్లోలో దాదాపు 1,200 మంది పిల్లాపాపలతో గుడారాల్లో చలికాలం గడిపారు. 1914 ఏప్రిల్ 20న నేషనల్ గార్డు సైనికులూ కంపెనీ కాపలాదార్లూ ఆ గుడారాల మీద కాల్పులు జరిపారు, వాటికి నిప్పు పెట్టారు. చంపింది సమ్మె కాదు.

'చంపబడిన'లో వ్యాకరణ దోషం లేదు గానీ, మాట్లాడేటప్పుడు అలా ఎవరంటారు? మనకు 'హతులు' ఉంది. 'మృ' ధాతువు నుంచి వచ్చిన మృతుడు చనిపోయినవాడు. 'హన్' నుంచి వచ్చిన హతుడు ఇంకొకరి చేతిలో పోయినవాడు. చంపినవాడు ఉన్నాడన్న సంగతి ఆ మాటలోనే ఇమిడి ఉంది. ఈ రెంటినీ ఒకటి చేసి రాసేస్తుంటే నాకు బాధగా ఉంటుంది.

మీరిద్దరూ పట్టించుకోని మాట మరొకటుంది: 'కార్మికులు'. ఒక గుడారం కింద తవ్వుకున్న గోతిలో దాక్కుని, పైన మంటలు లేస్తుంటే ఊపిరాడక పోయినవాళ్లు ఇద్దరు స్త్రీలు, 11 మంది పిల్లలు. వాళ్లెవరూ గనిలో దిగినవాళ్లు కారు. 1918లో గని కార్మికుల సంఘం ఆ స్మారకాన్ని నిలిపినప్పుడు పురుషులు, స్త్రీలు, పిల్లలు అని విడివిడిగా చెక్కించింది. ఆ శాసనంలోనూ 'ప్రాణాలు కోల్పోయిన' అన్న మెత్తని మాటే ఉంది. అయితే దాని పక్కనే 'స్వేచ్ఛ కోసం' అని ఉంది కాబట్టి, అది ప్రమాదమని ఎవరూ పొరబడరు. మీ వాక్యంలో ఆ ఆసరా లేదు.

స్తూపం మొదట బౌద్ధుల కట్టడమే అయినా, ఇప్పుడు పోలీసు కాల్పుల్లో పోయిన ఆదివాసీల గుర్తుగా నిలిచినదాన్ని ఇంద్రవెల్లి స్తూపం అంటే ఎవరికీ అనుమానం రాదు. కాబట్టి తప్పు కాదు. లడ్లోలో మాత్రం గని కార్మికుడి విగ్రహం, బిడ్డతో ఉన్న తల్లి విగ్రహం ఉన్నాయి. అలాంటిదానికి 'స్మారకం' చాలు. గుర్తుచేసేది అని దాని అర్థం.

'లడ్లో హతుల స్మారకం' అని రాయండి. ఆ హతుల్లో పిల్లలున్నారని తర్వాతి వాక్యంలోనే చెప్పండి.