సుగ్గికి పోయే నెలల్లోనే పరీక్షలు

ప్రశ్న: మాది ఆదోని దగ్గర పల్లె. ఏటా సంక్రాంతి దాటగానే గుంటూరు వైపు మిరప కోతలకు సుగ్గికి, అంటే వలస కూలికి పోతాం. వయసొచ్చిన పిల్లను అవ్వ దగ్గర వదిలి పోలేక, పోయినేడు టెన్త్ పరీక్షలు అవగానే మా అన్న కొడుక్కిచ్చి పెళ్లి చేశాం. అప్పటికి దానికి 16 ఏళ్లు. వాళ్లూ మా ఊరే. ఇంటర్ సీఈసీలో చేరింది కానీ కడుపు కనబడుతోందని ఆరో నెలలో మానేసింది. ఇప్పుడు 4 నెలల పాప. మళ్లీ కాలేజీకి పోతానని రోజూ ఏడుపు. అల్లుడు బెంగళూరులో సెంట్రింగ్ పని చేస్తాడు. ఊ అనడు, వద్దనీ అనడు. మా వదిన మాత్రం "పసిబిడ్డను ఎవరు చూస్తారు?" అంటోంది. కాలేజీలో వయసు చూసి కేసు పెడతారేమోనని నాకు టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ వదినగారు అడిగింది అడ్డుపుల్ల అనుకోకండి. అడగాల్సిన మాటే అడిగారు. "పిల్లను చదువుకోనివ్వండి" అని బతిమాలితే పెద్దవాళ్లు తలూపుతారు, నాలుగు రోజులకు మళ్లీ మొదటికొస్తుంది. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా పాప ఏ గంటకు ఎవరి ఒళ్లో ఉంటుందో మీరు చెప్పగలిగితే ఆవిడ వింటారు.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే పెద్దగా కనబడిన చిక్కు మీరు రాయలేదు. ఇంటర్ పరీక్షలు మామూలుగా ఫిబ్రవరి, మార్చిల్లో ఉంటాయి. మీరు సుగ్గికి పోయేదీ అప్పుడే. ఇప్పుడు ఎలాగోలా కాలేజీకి పంపినా, సంక్రాంతి దాటగానే రెండిళ్లూ ఖాళీ అయితే ఆ పిల్ల ఏం చేయాలి? చంకన బిడ్డతో మీ వెంట మిరప చేలకు రావాలి, లేదా ఒంటరిగా ఉండాలి. అదే భయంతో కదా పెళ్లి చేశారు!

కాబట్టి ఈసారి సుగ్గికి పోకుండా ఊళ్లో ఉండేది మీరా, మీ వదినగారా? ఇప్పుడే తేల్చుకోండి. ఆగిపోయిన మనిషి కూలి డబ్బులు పోతాయి. ఈ చదువుకయ్యే అసలు ఖర్చు అదే, ఫీజు కాదు. దాన్ని రెండిళ్లూ చెరిసగం భరించాలి. అల్లుడి చేత కూడా కొంత ఇప్పించండి. డబ్బు పెట్టినవాడు ఊ అనక తప్పదు. భారమంతా ఒక్క ఇంటి మీద పడితే మాత్రం పండక్కి ముందే గొడవ మొదలవుతుంది.

ఇక పాలు. పాపకు 6 నెలలు నిండేదాకా తల్లిపాలే పట్టాలి. బయల్దేరే ముందు ఒకసారి పట్టి, ఉడికించిన స్టీలు గిన్నెలో పాలు పిండి మూతపెట్టి వెళ్లమనండి. బయట 4 గంటలకు మించి ఉంచకూడదు, మన ఎండలకు అంతసేపు కూడా వద్దు. ఫ్రిజ్‌లో అయితే ఒక రోజు ఉంటాయి. సీసా కంటే ఉగ్గుగిన్నె మేలు. మొదటి వారం పాప ఏడుస్తుంది, మీ అమ్మాయి కూడా ఏడుస్తుంది. అది చూసి ఎవరో ఒకరు "చూశావా, నేను చెప్పలేదూ" అంటారు. అననివ్వండి. క్లాసులో పాలు కారి జాకెట్టు తడవడం ఈ పిల్లలకు చచ్చేంత సిగ్గు. చాలామంది మానేసేది దానికే, పైకి మాత్రం తలనొప్పి అంటారు. లోపల మడతపెట్టిన మెత్తని గుడ్డ, సంచిలో ఇంకో చున్నీ పెట్టండి. ఒక లేడీ లెక్చరర్‌కు విషయం చెప్పి, మధ్యాహ్నం పాలు పిండుకోవడానికి తలుపున్న గది అడగండి.

బస్సుకు ఖర్చు లేదు. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కదా, ఆధార్ దగ్గరుంటే చాలు. చేరికల గడువు దాటిపోయిందంటే ప్రిన్సిపాల్‌ను హాజరు మినహాయింపు గురించి అడగండి. ఆర్ట్స్ గ్రూపుల వాళ్లు కాలేజీకి వెళ్లకుండా పరీక్ష రాసే వీలుంది. సార్వత్రిక విద్యాపీఠం (ఓపెన్ స్కూల్) ద్వారా కూడా ఇంటర్ చేయొచ్చు. నా మాటైతే మొదట కాలేజీకే ప్రయత్నించండి. ఇంట్లో చదువుకునే కోడలి పుస్తకం మీద అందరి పనులూ పడతాయి.

ఇంకోటి, మొహమాటం లేకుండా చెబుతాను. వెంటనే మళ్లీ నెల తప్పితే ఈ ఏర్పాట్లన్నీ వృథా, ఆ పిల్ల ఒంటికీ ప్రమాదం. గర్భం రాకుండా మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్, కాపర్ టీ ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. పాలిచ్చే తల్లులూ వాడొచ్చు. ఏఎన్ఎంను కలిసి, కాన్పు తర్వాత 180 రోజులు వేసుకోవాల్సిన ఐరన్ మాత్రలు కూడా తీసుకోండి.

కేసు గురించి మీ భయం ఉత్తదని నేను అనను. 18 నిండని పిల్లకు పెళ్లి చేయడం 2006 బాల్యవివాహాల నిషేధ చట్టం ప్రకారం నేరం, చేసిన పెద్దలకూ శిక్ష ఉంది. 18 నిండని భార్యతో కాపురం కూడా నేరమేనని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే పిల్లను ఇంట్లో దాచినంత మాత్రాన జరిగింది చెరిగిపోదు. ఆసుపత్రికీ, అంగన్‌వాడీకీ దూరమై తల్లీబిడ్డలే నష్టపోతారు. ఊళ్లోవాళ్లు చెప్పేది పట్టుకోకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఉచితంగా దొరికే లాయర్‌తో మాట్లాడండి. 15100కు ఫోన్ చేసినా చాలు.

ఈ మాట మీకు కష్టంగా ఉండొచ్చు. మీ అన్నగారింట్లో కాకుండా, మీ ఇంట్లో, ఎవరూ లేనప్పుడు అమ్మాయిని అడగండి: ఈ కాపురం నీకు ఇష్టమేనా, ఎవరైనా చేయి చేసుకుంటున్నారా అని. 20 ఏళ్లు నిండేదాకా ఆ పెళ్లిని రద్దు చేయమని కోర్టును అడిగే హక్కు ఆమెకుంది. జవాబు ఏదైనా కోప్పడకండి. మీతో చెప్పలేకపోతే 1098కి గానీ 181కి గానీ తనే ఫోన్ చేసుకోవచ్చని ఆ నంబర్లు ఇవ్వండి.

టెన్త్ మార్కుల మెమో, టీసీ ఎవరింట్లో ఉన్నాయో ఈ రోజే చూడండి. అత్తగారింటి పెట్టెలో ఉంటే, మాట పెరగకముందే పాపను చూసే వంకతో వెళ్లి తెచ్చుకోండి.