సోలో మైక్రోవేవ్‌లో యాపిల్ డెజర్ట్: పండు ఒక గిన్నెలో, ఓట్స్ ఒక ప్లేట్‌లో

పైన చల్లిన ఓట్స్ తడిసిన అట్టముక్కలా అయ్యాయంటే తప్పు మీ చేతిది కాదు, రెసిపీది. అది మామూలు ఓవెన్‌కి రాసిన రెసిపీ అయ్యుంటుంది.

మీరు చెప్పింది ఇదీ: ఇంట్లో గ్రిల్, కన్వెక్షన్ లేని సోలో మైక్రోవేవ్ ఒక్కటే ఉంది. యాపిల్ ముక్కల మీద ఓట్స్, వెన్న, పంచదార కలిపి పరిచి ఎనిమిది నిమిషాలు పెట్టారు. కింద గుజ్జయింది, పైన కరకరలాడలేదు, పాకం పొంగి లోపలి గాజు పళ్లెమంతా అంటుకుంది. అరగంట ముందు ఫోన్ చేసి వచ్చేవాళ్లకి పెట్టడానికి దీంతో ఏమైనా కుదురుతుందా, ఎన్ని నిమిషాలు పెట్టాలి అని అడిగారు.

కుదురుతుంది. నేను రెండేళ్లపాటు స్టవ్ లేని గదిలో సోలో మైక్రోవేవ్‌తోనే నెట్టుకొచ్చాను. మొదట్లో నాకూ అచ్చం మీలాగే అయింది, అదీ ఒక్కసారి కాదు, నాలుగైదు సార్లు. ప్రతిసారీ టైమ్ మార్చి చూశాను. ఆరు నిమిషాలు, పది నిమిషాలు, పవర్ తగ్గించి పన్నెండు. ఇది టైమ్ మారిస్తే పోయే జబ్బు కాదని తెలిసేసరికి చాలా యాపిల్స్ పోయాయి.

మైక్రోవేవ్ ముఖ్యంగా వేడెక్కించేది నీటిని. ఇళ్లలో వాడేవి 2450 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి. ఆ తరంగాలు తగిలితే పదార్థంలో ఉన్న నీటి అణువులు అటూ ఇటూ తిరుగుతాయి, ఆ కదలికే వేడిగా మారుతుంది. యాపిల్‌లో నూటికి 85 పాళ్లు నీరే. స్విచ్ వేసిన కాసేపటికే కింద పండు ఆవిరి వదలడం మొదలుపెడుతుంది. ఆ ఆవిరి బయటికి పోవాలంటే మీ ఓట్స్ మధ్య నుంచే పోవాలి. మామూలు ఓవెన్‌లో అయితే చుట్టూ 180 డిగ్రీల పొడి గాలి ఉంటుంది కాబట్టి పైభాగం ముందు ఎండుతుంది, తర్వాత ఎర్రబడుతుంది. మైక్రోవేవ్ లోపలి గాలిని నేరుగా వేడెక్కించదు, అందుకే అక్కడ తడి ఆరే అవకాశమే లేదు. ఎర్రగా వేగాలంటే సుమారు 140 డిగ్రీలు దాటాలి. తడి ఉన్నంతసేపు అది 100 దగ్గరే కూర్చుంటుంది.

అందుకని పండుని ఒక గిన్నెలో ఉడికించండి, ఓట్స్‌ని ఇంకో ప్లేట్‌లో వేయించండి. తినే ముందు మాత్రమే రెండింటినీ కలపండి. నా జవాబు నిజానికి ఇంతే, కింద రాసేవన్నీ ఇది సరిగ్గా కుదరడానికి కావలసిన చిన్న చిన్న సంగతులు.

ముందు మీ మైక్రోవేవ్ ఎన్ని వాట్లదో చూడండి. వెనకాలో, తలుపు లోపలి అంచునో స్టిక్కర్ ఉంటుంది. అందులో రెండు అంకెలు కనిపిస్తే పెద్దది అది లాగే కరెంటు, చిన్నది పదార్థానికి అందే శక్తి. మనకి కావలసింది చిన్నదే. నేను చెప్పే నిమిషాలన్నీ 800 వాట్లకి. మీది 700 అయితే నాలుగు నిమిషాలకి ఇంకో అర నిమిషం కలపండి, 1000 అయితే మూడు నిమిషాల పైచిలుకు చాలు. చుట్టాలు ఎక్కువమంది వస్తున్నారని ముక్కలు రెట్టింపు చేస్తే టైమ్ కూడా దాదాపు రెట్టింపవుతుంది. ఓవెన్‌లో ఒక ట్రే పెట్టినా రెండు పెట్టినా పెద్ద తేడా ఉండదు, ఇక్కడ అలా కాదు, ఉన్న శక్తినే అన్ని ముక్కలూ పంచుకోవాలి. నలుగురి కంటే ఎక్కువమంది ఉంటే రెండు విడతలుగా చేయడం మేలు.

నలుగురికి కొంచెం కొంచెంగా సరిపోవాలంటే రెండు మధ్యరకం యాపిల్స్ తీసుకోండి. గట్టిగా, కాస్త పుల్లగా ఉన్నవే మంచివి. మెత్తబడి పిండిపిండిగా ఉన్న యాపిల్ మైక్రోవేవ్‌లోకి వెళ్తే ఇక ఆగదు, నేరుగా గుజ్జే. తొక్క తీయడం మీ ఇష్టం, నేను తీయను, ముక్క ఆకారం నిలబడటానికి అది పనికొస్తుంది. గింజల భాగం తీసేసి చిటికెనవేలు మందంలో ముక్కలు కోయండి. అన్నీ ఒకే మందంలో ఉండటం నిజంగా ముఖ్యం. ఒకటి సన్నగా ఒకటి లావుగా ఉంటే సన్నది కరిగిపోయేసరికి లావుది ఇంకా కచ్చిగానే ఉంటుంది.

ముక్కల మీద ఒక చెంచా నిమ్మరసం, రెండు చెంచాల పంచదార, చిటికెడు దాల్చినచెక్క పొడి, వేలి కొనంత వెన్న వేయండి. నిమ్మరసం రుచికి మాత్రమే కాదు. కోసిన యాపిల్ నల్లబడకుండా ఆపుతుంది, పైగా పులుపు తగిలితే ముక్క అంత త్వరగా చిదికిపోదు. ముక్కల్ని నిలబెట్టేది పెక్టిన్ అనే పదార్థం, వేడికి కరిగిపోయే ఆ పెక్టిన్‌ని ఆ మాత్రం పులుపు కాస్త పట్టి ఉంచుతుంది. పంచదార మాత్రం ముందే కలిపి పక్కన పెట్టకండి, పది నిమిషాల్లో ముక్కల్లోంచి నీరు లాగేస్తుంది, తర్వాత మీకు డెజర్ట్ బదులు షర్బత్ మిగులుతుంది. గిన్నె లోపల పెట్టే ముందే కలపాలి.

రసం కాస్త చిక్కగా కావాలంటే అర చెంచా కార్న్‌ఫ్లోర్‌ని రెండు చెంచాల చల్లటి నీళ్లలో కలిపి అప్పుడే పోసేయండి. పొడిగా చల్లితే ఉండలు కడుతుంది. కార్న్‌ఫ్లోర్ వేసిన రసం పాలలా తెల్లగా ఉందంటే ఇంకా ఉడకలేదని, మెరుస్తూ కొంచెం గాజులా కనిపిస్తే అయిపోయిందని గుర్తు.

గిన్నె గాజుదైతే మంచిది, ముక్కలు సగం కూడా నిండనంత పెద్దది కావాలి. మీకు పాకం పొంగింది గిన్నె చిన్నదవడం వల్లే. స్టీలు వద్దు, బంగారు గీత ఉన్న పింగాణీ కూడా వద్దు, నిప్పురవ్వలు లేస్తాయి. ఏ గిన్నె పనికొస్తుందో అనుమానంగా ఉంటే ఒక కప్పు నీళ్లు పక్కన పెట్టి, ఆ ఖాళీ గిన్నెని కూడా లోపల పెట్టి ఒక నిమిషం తిప్పండి. నీళ్లు వేడెక్కి గిన్నె చల్లగా ఉంటే వాడుకోవచ్చు. గిన్నే వేడెక్కితే దాన్ని వదిలేయండి.

గిన్నె మీద ఒక ప్లేట్ కొంచెం పక్కకి జరిపి మూయండి, ఆవిరి పోవడానికి సందు ఉండాలి. ఫుల్ పవర్‌లో రెండు నిమిషాలు పెట్టి, తీసి, అంచున ఉన్న ముక్కల్ని మధ్యకీ మధ్యవి అంచుకీ జరపండి. ఇది బద్ధకించకూడని పని. తరంగాలు గిన్నె అంతా సమానంగా పడవు, మధ్యలో ఉన్నవి వెనకబడతాయి. మళ్లీ ఒకటిన్నర నుంచి రెండు నిమిషాలు. ఇప్పుడు చాకు మొన గుచ్చితే ముక్క లోపల ఇంకా కొంచెం గట్టిగా తగలాలి. అంతలోనే ఆపేయండి. మూత తీయకుండా బయట రెండు మూడు నిమిషాలు ఉంచితే మిగతాది దానికదే ఉడుకుతుంది. పూర్తిగా మెత్తబడ్డాక ఆపితే బయట పెట్టాక కూడా ఉడుకుతూనే ఉండి, మీరు వడ్డించేసరికి గుజ్జవుతుంది. మీ ఎనిమిది నిమిషాల లెక్కలో జరిగింది ఇదే.

ఇక ఓట్స్. వెన్న ఒక పెద్ద చెంచాడు ప్లేట్‌లో వేసి ఇరవై సెకన్లు కరిగించండి. అందులో ఐదు పెద్ద చెంచాల ఓట్స్, ఒక పెద్ద చెంచా పంచదార, చిటికెడు ఉప్పు, ఉంటే సన్నగా తరిగిన బాదం కొంచెం కలపండి. ప్లేట్ మీద పలచగా, మధ్యలో ఖాళీ వదిలి గుండ్రంగా చక్రంలా పరచండి. మూత పెట్టకూడదు, ఇక్కడ ఆవిరి పోవడమే మనకి కావాలి. ఒక నిమిషం పెట్టి కలపండి, ఇంకో అర నిమిషం పెట్టి మళ్లీ కలపండి, ఇలాగే అర అర నిమిషం పెడుతూ కలుపుతూ ఉండండి. రెండున్నర నిమిషాల దగ్గర వేగిన వాసన వస్తుంది. వాసన రాగానే ఆపాలి, రంగు కోసం ఎదురు చూడకండి. తీసినప్పుడు మెత్తగా ఉండి మోసం చేస్తుంది కానీ చల్లారాక కరకరలాడుతుంది. అన్నట్టు, మైక్రోవేవ్‌లో ఏదీ కరకరలాడదని చాలామంది అంటారు, నేనూ నమ్మాను. తడి లేని పదార్థం పలచగా పరిస్తే బాగానే వేగుతుంది.

ఇందులో నేను చేసిన తెలివితక్కువ పని కూడా చెప్తాను. ఒకసారి అక్క వస్తోందని తొందరలో ఓట్స్‌ని కుప్పలా పోసి, కలపకుండా, ఒకేసారి మూడున్నర నిమిషాలు పెట్టేశాను. పైకి తెల్లగానే ఉంది. కుప్ప మధ్యలోంచి పొగ వచ్చింది, చెంచాతో తీసి చూస్తే లోపల బొగ్గు. పంచదార, వెన్న ఉన్న పొడి పదార్థం ఒకచోట మాడటం మొదలుపెడితే అక్కడే ఇంకా ఇంకా వేడెక్కుతుంది. ఎండు ద్రాక్ష, ఖర్జూరం లాంటివి కూడా ఇంతే. వాటిలో తీపి ఎక్కువ, నీరు తక్కువ, విడిగా పెడితే చూస్తుండగానే మాడతాయి. అవి వేయాలనుకుంటే యాపిల్ గిన్నెలో రసంలో మునిగేలా వేయండి. ఎప్పుడైనా పొగ కనిపిస్తే తలుపు తీయకుండా మైక్రోవేవ్ ఆపేసి ప్లగ్ తీసేయండి, గాలి తగిలితే మంట పెరుగుతుంది.

టైమ్ విషయానికొస్తే, ఓట్స్ ముందు చేసి చల్లారనిచ్చి, తర్వాత యాపిల్ పెట్టండి. కోయడంతో కలిపి ఇరవై నిమిషాలు పడుతుంది. కప్పుల్లో యాపిల్ వేసి, పైన కొంచెం క్రీమో ఐస్‌క్రీమో పెట్టి, చివర్లో ఓట్స్ చల్లి చేతికివ్వండి. వేడి యాపిల్, చల్లటి ఐస్‌క్రీమ్ కలిస్తే ఎవరూ ఇది ఎందులో చేశారని అడగరు. పిల్లలుంటే మాత్రం ఐదు నిమిషాలు ఆగి పెట్టండి. కప్పు చేతికి గోరువెచ్చగా తగులుతున్నా లోపల పంచదార రసం నాలుక కాల్చేంత వేడిగా ఉంటుంది. నా నాలుక రెండు రోజులు రుచి మర్చిపోయింది.

మిగతా పళ్ల గురించి కూడా రెండు మాటలు. పియర్‌కి ఇదే పద్ధతి, ఒక నిమిషం తగ్గించండి. అరటిపండు అయితే ఇంకా తేలిక. పసుపుపచ్చగా మెరుస్తున్న, మచ్చలు పడని పండు తీసుకుని లావుపాటి చక్రాలుగా కోసి, వెన్న, పంచదార వేసి నలభై ఐదు సెకన్లు, మహా అయితే నిమిషం. మచ్చలు పడిన పండు బూడిదరంగు ముద్ద అవుతుంది. దాని మీద చాక్లెట్ ముక్కలు బయటికి తీశాకే వేయండి, ఆ వేడికే కరుగుతాయి. లోపల పెడితే పండు ఉడికేలోపు చాక్లెట్ మాడుతుంది.

పైనాపిల్ విషయంలో ఒక చిత్రం ఉంది. పచ్చి (అంటే వేడి చేయని) పైనాపిల్ ముక్కలు పెరుగులోనో క్రీమ్‌లోనో కలిపి ఫ్రిజ్‌లో పెడితే కొన్ని గంటల్లో చేదెక్కుతుంది. అందులో ఉండే బ్రొమెలైన్ అనే ఎంజైమ్ పాల ప్రొటీన్లని ముక్కలు చేస్తుంది. మూడు నాలుగు నిమిషాలు మైక్రోవేవ్‌లో పొగలు కక్కేలా వేడి చేసి, చల్లార్చి కలిపితే ఆ గొడవ ఉండదు. పచ్చి పైనాపిల్ వేస్తే జెలటిన్ జెల్లీ గట్టిపడకపోవడానికీ కారణం అదే.

ద్రాక్షపళ్లు మాత్రం వద్దు. అలాగే పెడితే పేలతాయి. సగానికి కోసి రెండు ముక్కలూ కొంచెం అంటుకునేలా పెడితే ఏకంగా మెరుపులు వస్తాయి. ఇది సరదాకి చెప్పే కథ కాదు, ఎందుకలా జరుగుతుందో 2019లో కెనడా పరిశోధకులు ఒక పత్రం కూడా రాశారు. యాపిల్‌ని కోయకుండా పండు పండుగా పెట్టాలనిపిస్తే నడుం చుట్టూ తొక్కని చాకుతో గీయండి, లేకపోతే అదీ పగులుతుంది.

ముందురోజే చేసి ఉంచవచ్చు. యాపిల్ చల్లారాక మూతపెట్టి ఫ్రిజ్‌లో, ఓట్స్ గాలి తగలని డబ్బాలో బయట. వడ్డించే ముందు యాపిల్‌ని ఒక నిమిషం వేడిచేస్తే చాలు. రెండూ కలిపి ఫ్రిజ్‌లో పెట్టారంటే తెల్లారేసరికి మళ్లీ మీ అట్టముక్కే.

పళ్లెం మీద గట్టిపడిన ఆ పాకాన్ని గీకకండి. ఒక గిన్నెడు నీళ్లలో పిండేసిన నిమ్మతొక్కలు, ఒక చెక్క గరిటె వేసి మూడు నిమిషాలు మరిగించి, తలుపు తీయకుండా ఐదు నిమిషాలు వదిలేయండి. గరిటె ఎందుకంటే, నున్నటి గాజు గిన్నెలో నీళ్లు ఒక్కోసారి మరగకుండానే 100 డిగ్రీలు దాటి, కదిపినప్పుడు ఒక్కసారిగా ఎగజిమ్ముతాయి. ఆవిరికి గోడలు నానతాయి, తడిబట్టతో తుడిస్తే వచ్చేస్తుంది. పళ్లెం పూర్తిగా చల్లారాక విడిగా తీసి గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టండి.