పై స్థాయి రోడ్ బైక్‌లు మునుపటికన్నా అందుబాటులోకి వచ్చాయా?
నల్లగొండలో బైక్ అంటే మోటారు బండే కాబట్టి, ప్రశ్న వంపు హ్యాండిల్ ఉన్న రేసు సైకిల్ గురించేనని ముందే చెప్పాలి. అగ్రశ్రేణి సైకిల్ సామాన్యుడికి మరింత దూరమైంది: కార్బన్ ఫ్రేము, 2009లో జపాన్ కంపెనీ షిమానో తన అగ్రశ్రేణి గేర్ల సెట్టు డ్యూరా-ఏస్‌లో తెచ్చిన ఎలక్ట్రానిక్ గేర్లు, డిస్క్ బ్రేకులు ఒకదానిపై ఒకటి చేరి, దాని ధర నేడు 10 లక్షల రూపాయలు దాటుతోంది, ఆ డబ్బుకు కొత్త కారే వస్తుంది.

అయితే ఒకప్పటి పై స్థాయి పనితనం మాత్రం ఇప్పుడు కింది స్థాయి సైకిళ్లకూ అందింది. 1990లో డ్యూరా-ఏస్‌కే పరిమితమైన, బ్రేకు పిడితోనే గేరు మార్చే ఏర్పాటు ఇప్పుడు షిమానో ప్రారంభ స్థాయి గేర్ల సెట్టు క్లారిస్‌లోనూ ఉంది. నార్కట్‌పల్లి వైపు హైవే ఎత్తు ఎక్కుతూ, హ్యాండిల్ వదలకుండా కుడి పిడిని లోపలికి తోస్తే, వెనుక గొలుసు పెద్ద పళ్లచక్రం మీదికి టక్కున ఎక్కుతుంది. పైగా 2025 సెప్టెంబరులో సైకిళ్లపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది.