పోయేదేముంది అంటే, చాలానే ఉంది

ప్రశ్న: ఆన్‌లైన్ కాసినోలో మొదటి డిపాజిట్‌కి వంద శాతం బోనస్ ఇస్తున్నారు. ఎలాగూ ఆడేవాడిని, తీసుకుంటే పోయేదేముంది?

నేను కొంతకాలం ఇలాంటి ఒక కంపెనీకి రాత్రి షిఫ్టులో చాట్ సపోర్ట్ చేశాను. గొడవతో వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఓడినవాళ్లు కాదు, బోనస్‌తో ఆడి గెలిచినవాళ్లు.

ముందు లెక్క చూడండి. 1,000 వేస్తే ఇంకో 1,000 ఇస్తారు, కానీ డబ్బు విత్‌డ్రా చేయాలంటే ముందు ఆ బోనస్‌కి 35 రెట్లు పందెం కాయాలంటారు. అంటే 35,000. మీరు ఆడే స్లాట్ (బటన్ నొక్కితే బొమ్మలు తిరిగే ఆట) కాసిన పందేల్లో 96 శాతం తిరిగి ఇచ్చే రకమైతే, సగటున అందులో 4 శాతం, అంటే 1,400 పోతుంది. ఇచ్చింది 1,000, లాగేది 1,400. కొన్నిచోట్ల డిపాజిట్, బోనస్ రెండూ కలిపి 35 రెట్లంటారు, అప్పుడు 2,800. మీ ఖాతాలో మొత్తం ఉన్నదే 2,000 కాబట్టి చాలామందికి షరతు పూర్తికాకముందే బ్యాలెన్స్ సున్నా అవుతుంది. కాసినో వాటా తక్కువని, తెలివిగా రూలెట్ (అంకెల చక్రం మీద బంతి తిరిగే ఆట) ఆడదామనుకుంటారు కొందరు. అక్కడ పందెంలో 10 శాతమే ఆ షరతు లెక్కలోకి తీసుకునే సైట్లున్నాయి, అసలు తీసుకోనివీ ఉన్నాయి. 10 శాతమంటే 3,50,000 కాయాలి. ఒక సున్నా ఉన్న రూలెట్‌లో కాసినో వాటా 2.7 శాతం. మిగతాది మీరే గుణించుకోండి.

ఇదంతా వెతికితే దొరికే లెక్కే. దొరకనిది వేరే ఉంది.

ఒక రాత్రి ఒకాయన చాట్‌లోకి వచ్చాడు. మర్యాదస్తుడు, వాక్యానికో ప్లీజ్. షరతు మొత్తం పూర్తి చేశాడు, స్క్రీన్ మీద వంద శాతం పూర్తి అనే ఉంది, పెద్ద మొత్తమే గెలిచాడు. విత్‌డ్రా పెడితే రిజెక్ట్ అయింది. హిస్టరీ తీసి చూస్తే, మధ్యలో ఎక్కడో స్లాట్‌లో 'బోనస్ బై' బటన్ నొక్కాడు. అది ఫ్రీ స్పిన్ల (విడిగా పందెం లేకుండా తిరిగే ఆటల) రౌండుని నేరుగా కొనిపెడుతుంది, ధర మామూలు పందేనికి వంద రెట్లు కూడా ఉంటుంది. షరతుల ప్రకారం ఆ కొనుగోలంతా ఒకే పందెం. బోనస్ నడుస్తుండగా ఒక్కో పందెం 5 యూరోలు దాటకూడదని ఇంకోచోట ఉంది. రెండూ కలిపితే, గెలిచినదంతా రద్దు.

'తప్పయితే ఆ బటన్‌ని ఆపేయొచ్చు కదండీ?' అని అడిగాడు. షరతు నంబరుతో ఉన్న రెడీమేడ్ పేరా పేస్ట్ చేయడం తప్ప నాకు ఇంకేం చెప్పే అధికారం లేదు. ఆయన మళ్లీ అదే అడిగాడు, నేను మళ్లీ అదే పేరా పెట్టాను. గడువు దాటిన నిమిషంలో బోనస్‌ని మాయం చేసే సాఫ్ట్‌వేర్‌కి హద్దు దాటిన పందేన్ని ఆపడం చేతకాదంటే నేను నమ్మను. అదే పందెం ఓడితే ఎవరూ రద్దు చేసి డబ్బు వెనక్కివ్వరు. గెలిస్తేనే తనిఖీ.

అన్నట్టు, 'టాప్ టెన్ బోనస్‌లు' అని రాసే రివ్యూ సైట్లని నమ్మకండి. వాటిలో చాలావాటికి కాసినోల నుంచే కమీషన్ వస్తుంది, అదీ చాలాసార్లు మీరు పోగొట్టుకున్న డబ్బులో వాటాగా. వాళ్లు షరతులు చదివి మీకు చెబుతారా?

బోనస్ అంటే అందరూ వేణ్నీళ్లకి చన్నీళ్లు తోడు అనుకుంటారు. నన్నడిగితే అది మీ సొంత డబ్బుకి తాళం. కొన్నిచోట్ల షరతు పూర్తయ్యేదాకా డిపాజిట్ కూడా బయటికి రాదు, మధ్యలో తీస్తే బోనస్‌తో పాటు గెలుపూ పోతుంది. అన్నీ దాటి విత్‌డ్రా పెట్టినా గుర్తింపు పత్రాలు, అడ్రస్ ప్రూఫ్ అప్పుడే అడుగుతారు. ఆ పెండింగ్ రోజుల్లో 'విత్‌డ్రా రద్దు చేయి' బటన్ మాత్రం కళ్లెదుటే ఉంటుంది. అది మాత్రం ఎప్పుడూ మొరాయించదు! గెలిచిన డబ్బు తిరిగి ఆటలోకి పోయేది ఎక్కువగా అక్కడే.

ఇదంతా నా ఉక్రోషం అనుకోకండి. బ్రిటన్‌లో నియంత్రణ సంస్థే 2026 జనవరి నుంచి ఈ రెట్లకి 10 అని పరిమితి పెట్టింది. మిగతా చోట్ల 35, 40 మామూలే.

ఆడక మానరంటే బోనస్ లేకుండా ఆడండి. డిపాజిట్ చేసే పేజీలో చాలాసార్లు బోనస్ టిక్ ముందే పెట్టి ఉంటుంది, అది తీసేయండి. కనిపించకపోతే డబ్బు వేయకముందే చాట్‌లో 'బోనస్ వద్దు' అని రాసి, జవాబుని స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. వేశాక అడిగితే మీకూ ఆ పేరానే వస్తుంది.